సెల్‌ఫోను భయాలు: ఒక చారిత్రక పరిశీలన

సెల్‌ఫోను వల్ల మెదడులో కాన్సరు పుడుతుందనే భయానికి పుట్టిన నెల చెప్పవచ్చు. అది 1993 జనవరి. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రానికి చెందిన డేవిడ్ రేనార్డ్ అనే ఆయన లారీ కింగ్ టెలివిజన్ కార్యక్రమంలో కూర్చుని, తన భార్య మెదడులో కంతి లేచి చనిపోయిందనీ, ఆమె ఫోను ఆనించుకునే వేపునే ఆ కంతి లేచిందనీ దేశమంతా వినేటట్టు చెప్పాడు. అప్పటికి అమెరికాలో సెల్‌ఫోన్లున్నవారు సుమారు కోటిమంది. మరి నాలుగు రోజులు తిరక్కుండా మోటరోలా షేరు ధర పడిపోయింది. ఆస్పత్రుల కన్న ముందు షేర్‌మార్కెటు జబ్బుపడింది.

రేనార్డ్ వేసిన దావాను 1995లో కోర్టు కొట్టేసింది. శాస్త్రీయమైన సాక్ష్యం లేదన్నది. కాని దావా పోయినా భయం పోలేదు. అది ఖండాలు దాటి మన దేశానికి వచ్చింది. అపార్టుమెంటు సంఘాల తీర్మానాలలోకీ, హైకోర్టు తీర్పులలోకీ, సినిమాలలోకీ, చివరకు 2021లో కోవిడ్ చావుల మధ్య పల్లెటూళ్ల పుకార్లలోకీ ప్రవేశించింది. దీన్ని గురించి మన అభ్యుదయ వర్గాలలో నాకు రెండు వైఖరులు కనిపిస్తున్నాయి. హేతువాదులమని చెప్పుకునే మిత్రులు కొందరు దీన్ని బాణామతి పక్కన పెట్టి నవ్వి వూరుకుంటారు. వామపక్ష మిత్రులు మరికొందరు, లాభం కోసం కంపెనీలు ఎంత ఘోరానికైనా వొడిగడతాయి కనక తరంగాల సంగతి కూడా నిజమే అయివుంటుందంటారు. మొదటివారు చరిత్ర చూడరు, రెండోవారు భౌతికశాస్త్రం చూడరు. కాలేజీలో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి గనక రెండోవారితో తగాదా ముందు తీర్చుకుంటాను.

సెల్‌ఫోను వెలువరించేవి రేడియో తరంగాలు. ఆకాశవాణి పాటలు మోసుకొచ్చే తరంగాల జాతివే, కాకపోతే వాటికన్న జోరుగా స్పందిస్తాయి: సెకనుకు 90 కోట్లసార్లు, 180 కోట్లసార్లు, 5జి వచ్చాక 350 కోట్లసార్లు. అంకెలు చూసి బెదరనక్కర్లేదు. మన కంటికి కనిపించే వెలుగు ఇంతకన్న లక్షరెట్లు జోరుగా స్పందిస్తుంది. ఎక్స్‌రేలు శరీరానికి హాని చేసేది అణువుల నుంచి ఎలక్ట్రాన్లను వూడబెరికి. ఆ పని చెయ్యటానికి కావలసిన శక్తిలో సెల్‌ఫోను తరంగపు ఒక్కొక్క క్వాంటానికీ లక్షోవంతు కూడా వుండదు. క్వాంటాలు ఎన్ని కోట్లు వచ్చిపడినా ఒకటికొకటి కలిసి బలం పుంజుకోవు. ఈ తరంగాలు చెయ్యగలవని రుజువైన పని ఒక్కటే, వేడి పుట్టించటం. చెవి దగ్గర అంత కొద్ది శక్తి పుట్టించే వేడిని రక్తప్రసారం ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది. వేడి కాక ఇంకేదైనా మార్గాన హాని జరుగుతుందా అన్న ప్రశ్న అడగవలసిందే. అడిగారు, వెతికారు, ముప్ఫయ్యేళ్లు వెతికినా అటువంటి మార్గం ఇదీ అని ఎవరూ చూపించలేకపోయారు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ముందు ముందు పనికివస్తుంది. తరంగాల తీవ్రత దూరం పెరిగినకొద్దీ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అందుచేత ఎక్కడో మేడ మీది టవరు మన తలలోకి పంపేదానికన్న చెవికి ఆనించుకున్న ఫోను పంపేది చాలా ఎక్కువ. పైగా టవరు దూరమైతే సిగ్నలు అందుకోవటానికి ఫోను తన శక్తి పెంచుకుంటుంది. పేటలోని టవరు పీకించినవాడి ఫోను అతని చెవిలోకి మునుపటికన్న ఎక్కువ తరంగాలు పంపుతుందన్నమాట.

ఇక మొదటివారి సంగతి. నవ్వి వూరుకునే ముందు వీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. రేనార్డ్ మాట జనం అంత తొందరగా ఎందుకు నమ్మారు?

నేల అప్పటికే దుక్కి అయివున్నది. 1979లో డెన్వర్ నగరంలో నాన్సీ వర్త్‌హైమర్, ఎడ్ లీపర్ అనే పరిశోధకులు పెద్ద కరెంటు తీగల దగ్గర ఇళ్లలో పిల్లలకు లుకేమియా ఎక్కువగా వస్తున్నట్టు ఒక పరిశీలన ప్రకటించారు. 1989లో పాల్ బ్రోడర్ అనే పత్రికారచయిత ‘న్యూయార్కర్’లో దీన్ని గురించి వరసగా వ్యాసాలు రాశాడు. కంటికి కనపడని విద్యుత్తు కాన్సరు తెస్తుందనే భావం సెల్‌ఫోను కన్న ముందే మధ్యతరగతి ఇళ్లలో కాపురం పెట్టింది. అంతకన్న ముఖ్యమైనది మరొకటి వున్నది. పొగాకు వల్ల వూపిరితిత్తుల కాన్సరు వస్తుందని డాల్, హిల్ 1950లోనే చూపించారు. 1954లో అమెరికా సిగరెట్టు కంపెనీలు చాలావరకు కలిసి పత్రికలలో పేజీ నిండా ప్రకటన వేసి, తమ సరుకు వల్ల హాని వున్నదని నమ్మటం లేదన్నాయి, ప్రజల ఆరోగ్యమే తమకు ముఖ్యమన్నాయి, తామే పరిశోధన చేయిస్తామన్నాయి. ఆ పరిశోధన ఎటువంటిదో దశాబ్దాల తరవాత కోర్టులలో బయటపడింది. రేనార్డ్ టెలివిజన్‌లో మాట్లాడిన కొద్దిరోజులకే సెల్‌ఫోను కంపెనీల సంఘం ఏమన్నది? ఫోను క్షేమమైనదే, అయినా తామే డబ్బుపెట్టి పరిశోధన చేయిస్తామన్నది. కోట్ల డాలర్లు పెట్టింది కూడాను. జార్జి కార్లో అనే ఆయనను దానికి పెద్దగా పెట్టింది. ఆయనే చివరికి కంపెనీల మీద తిరగబడటం వేరే కథ.

ఈ మాట ఒకసారి విన్న జనానికి రెండోసారి వినగానే వొళ్లు మండదా? సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ లై, ఎన్.పి. సింగ్ అనే శాస్త్రజ్ఞులు 1995లో ఎలుకల మెదడు కణాలలో డి.ఎన్.ఎ. పోగులు తెగినట్టు ప్రకటించారు. దాన్ని ఎదుర్కోవటానికి మోటరోలాలో యుద్ధవ్యూహం వంటిది సిద్ధమైనట్టు తరవాత బయటికి పొక్కిన ఒక లేఖ వల్ల లోకానికి తెలిసింది. మరికొన్ని ప్రయోగశాలలు అదే ప్రయోగం చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అంటే లై, సింగ్ చెప్పినది బహుశా నిలవదు. అయినా ఆ లేఖ నిలుస్తుంది. 2007లో స్విట్జర్లండులో కొందరు పరిశోధకులు సెల్‌ఫోను తరంగాలను గురించిన 59 ప్రయోగాలను ముందేసుకుని, ఎవరి డబ్బుతో చేసినవాటిలో ఏ ఫలితం వచ్చిందో లెక్క చూశారు. పరిశ్రమ ఒక్కటే డబ్బుపెట్టిన ప్రయోగాలలో ‘ప్రభావం వున్నది’ అన్న ఫలితం మిగతా వాటికన్న బాగా తక్కువగా కనిపించింది. ఇది తరంగాలు హానికరమని రుజువు చెయ్యదు. డబ్బు చేతిలో వున్నవాడి నోట వచ్చిన నిజాన్ని కూడా జనం ఎందుకు నమ్మరో మాత్రం బోధపరుస్తుంది. మన దేశంలో దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాలులో ఏం జరిగిందో, ఆ తరవాత కంపెనీ ఆ విషవాయువును గురించి ఎంత తేలికగా మాట్లాడిందో మన తరం వారంతా ఎరుగుదురు.

ఐరోపాలో ప్రభుత్వాలు మరొక దారి తొక్కాయి. బ్రిటనులో సర్ విలియం స్టూవర్ట్ అధ్యక్షతన నియమించిన నిపుణుల సంఘం 2000లో నివేదిక ఇచ్చింది. హాని జరుగుతున్నదనటానికి సాక్ష్యం లేదు, అయినా పూర్తిగా తెలియదు గనక జాగ్రత్త మంచిది, పిల్లలు అవసరం లేని ఫోన్లు మాట్లాడకుండా చూడండి అన్నది. చాలా నిజాయితీగల మాట. కాని దాని ఫలితం ఏమయింది? ‘ఏమీ లేకపోతే పిల్లల్ని ఎందుకు వద్దంటున్నారు’ అని తల్లిదండ్రులు అడిగారు. వీడెమన్, ష్యూట్జ్ అనే జర్మన్ పరిశోధకులు 2005లో దీన్నే పరీక్షించి చూశారు: ప్రభుత్వం ముందుజాగ్రత్త చర్యలు తీసుకుంటున్నదని చెప్పినప్పుడు జనానికి ధైర్యం రావటానికి బదులు భయం పెరిగింది. 2006లోనూ 2010లోనూ ఐరోపా సమాఖ్య దేశాలలో జరిపిన అభిప్రాయసేకరణలలో దాదాపు సగంమంది విద్యుదయస్కాంత తరంగాల వల్ల ఆరోగ్యానికి ముప్పు వున్నదని ఆందోళన వెలిబుచ్చారు. చేతిలో ఫోను కన్న వీధిలో టవరును చూసి భయపడేవారే ఎక్కువ. ఇందాక నేను చెప్పిన విలోమవర్గ సూత్రానికి ఇది సరిగ్గా తలకిందులు.

ఈ తలకిందులు మనదేశంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఫోను మనకు ఏ వర్గం ద్వారా వచ్చిందో చూడాలి.

1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగులో నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడటం మనదేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ. (మరుసటి సంవత్సరం ఈ మంత్రిగారి ఇళ్లలో సోదా చేస్తే కోట్ల రూపాయల నోట్లకట్టలు దొరికాయి. మన టెలికాం చరిత్ర ఏ ముహూర్తాన మొదలయిందో చూడండి.) ఆ రోజుల్లో నిమిషానికి ఎనిమిది రూపాయల పైన, రద్దీవేళ పదహారు దాకా చెల్లించాలి, మనకు వచ్చిన ఫోనుకు కూడా మనమే ఇచ్చుకోవాలి. 2003 దాకా దేశంలో సెల్‌ఫోన్ల సంఖ్య కోటి పైచిలుకు మాత్రమే. ఆ ఏడు వచ్చిన ఫోనుకు డబ్బులు తీసేశారు, రిలయన్సు వారు 501 రూపాయలకే ఫోను చేతికిచ్చారు. 2012 మార్చి నాటికి కనెక్షన్లు 91 కోట్లు. తాపీమేస్త్రీ, ఆటోడ్రైవరు, ఇళ్లలో అంట్లుతోమే మనిషి, పొగాకు బేరన్ల దగ్గర కూలి, అందరి చేతికీ ఫోను వచ్చింది. ప్రపంచంలో ఏ యంత్రమూ పేదవాడి దగ్గరికి ఇంత తొందరగా రాలేదనుకుంటాను.

ఫోను భాగ్యవంతుడి చేతిలో వున్నన్నాళ్లు మనదేశంలో ఆరోగ్యం ప్రశ్న పుట్టలేదు. అది పుట్టింది టవర్లు మేడల మీదికి ఎక్కినప్పుడు. కంపెనీలకు స్థలాలు కావలసివచ్చాయి, ఇళ్లవాళ్లకు నెలనెలా అద్దె వచ్చింది. ఈ అద్దె దగ్గరే కీలకమంతా వున్నది. ఇంటాయనకు అద్దె, పక్కింటాయనకు భయం. చాన్సీ స్టార్ అనే అమెరికన్ 1969లో ఒక సంగతి గమనించాడు: తమ ఇష్టం మీద తెచ్చుకున్న ప్రమాదాన్ని జనం తమ మీద రుద్దిన ప్రమాదంకన్న వెయ్యిరెట్లు ఎక్కువైనా భరిస్తారట. ఫోను నా యిష్టం, టవరు వాడి యిష్టం. మా కాలనీలో ఒకసారి టవరు వద్దని సంతకాలు సేకరించారు. నా దగ్గరికీ వచ్చారు. సంతకాలకు తిరిగిన పెద్దమనిషి నాతో మాట్లాడుతూనే మూడుసార్లు ఫోను ఎత్తి, లైను సరిగా అందటం లేదని విసుక్కున్నాడు. ఆయన్ను చూసి నవ్వటం తేలిక. కాని ఆయన అడిగినదాంట్లో ఒక న్యాయం వున్నది. తన తలమీద ఏం కడుతున్నారో తనను ఎవరూ అడగలేదు. మునిసిపాలిటీ అడగలేదు, కంపెనీ అడగలేదు, అద్దె పుచ్చుకునే పొరుగువాడు అసలే అడగలేదు. ఈ అన్యాయాన్ని చెప్పుకోవటానికి చట్టంలో ఆయనకు మాట దొరకలేదు. కాన్సరు అనే మాట దొరికింది.

2010 డిసెంబరులో బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యుడు గిరీశ్ కుమార్ టవర్ల ప్రమాదాన్ని గురించి టెలికాం శాఖకు నివేదిక పంపాడు. కేంద్రం వేసిన అంతర మంత్రిత్వ సంఘం 2011 జనవరిలో తన నివేదిక ఇచ్చింది. 2012 సెప్టెంబరు 1 నుంచి మన టవర్ల హద్దు అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతుకు తగ్గించారు. అంటే 90 కోట్ల స్పందనల తరంగానికి చదరపు మీటరుకు నాలుగున్నర వాట్లు వుండవలసినచోట 0.45 వాట్లు. పదోవంతే ఎందుకు, ఏడోవంతు ఎందుకు కాదు, ఇరవయ్యోవంతు ఎందుకు కాదు? ఏ ప్రయోగశాలా ఈ అంకెను ఇవ్వలేదు. ఇది ప్రజాభిప్రాయం ఇచ్చిన అంకె. నేను దీన్ని తప్పుపట్టటం లేదు. జనం గొడవ పెడితే ప్రభుత్వం హద్దులు తగ్గిస్తుందని తెలిసింది. ఇంత గొడవ ఫ్లోరైడు నీళ్ల విషయంలో జరిగివుంటే ఎంత బాగుండునని మాత్రం అనిపిస్తుంది. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే గుర్తించి రాశారు. నల్లగొండ పిల్లల కాళ్లు ఆ తరవాత ఎన్ని దశాబ్దాలు వంకర్లు తిరిగాయో చెప్పనక్కర్లేదు.

కోర్టుల చరిత్ర వర్గసూత్రానికి అంత సులభంగా లొంగదు. 2012 నవంబరులో రాజస్థాన్ హైకోర్టు బళ్లమీదా ఆస్పత్రులమీదా టవర్లు తీసెయ్యమన్నది. 2017లో గ్వాలియర్‌లో ఇళ్లలో పనిచేసే ఒక మనిషి, పక్క ఇంటి కప్పు మీద 2002లో కట్టిన టవరు వల్లనే తనకు హాడ్జ్‌కిన్స్ కాన్సరు వచ్చిందని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. కోర్టు వారం రోజుల్లో ఆ టవరు ఆపెయ్యమన్నది. బొంబాయిలో మలబార్ హిల్ వంటి ధనికుల పేటలో వుంటూ టవర్లమీద ఎంతోకాలంగా ప్రచారం చేసిన సినిమా నటి జూహీ చావ్లా 2021లో 5జి మీద ఢిల్లీ హైకోర్టుకు పోతే, ఇది ప్రచారం కోసం వేసిన దావా అని కొట్టేసి 20 లక్షలు జరిమానా విధించారు. తరువాతి ఏడు దాన్ని 2 లక్షలకు తగ్గించారు. గ్వాలియర్ మనిషి గెలిచినందుకు సంతోషించాలా? నేను సంతోషించాను. కాని అతనికి జరిగినదేమిటి? జబ్బుకు కారణం దొరికిందనే తృప్తి దొరికింది. ఆ కారణం శాస్త్రం ముందు నిలవదు. వైద్యం ఖర్చు, పనిపోయిన రోజుల కూలి, ఇవి కదా అతనికి కావలసినవి. పేదవాడి జబ్బుకు బాధ్యత ఎవరిదీ కాని సమాజంలో టవరు ఒక ముద్దాయిగా దొరికింది.

కాన్సరు సంగతి పరిశోధనలు ఏం చెప్పాయో కూడా తేల్చుకుని ముందుకు పోదాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు విభాగం 13 దేశాలలో నడిపించిన ఇంటర్‌ఫోన్ పరిశీలన 2010లో వెలువడింది. మెదడు కంతులు వచ్చినవారిని అయిదువేల మందిని పైగా విచారించారు. మొత్తంమీద ఫోను వాడేవారికి గ్లయోమా కంతి వచ్చే అవకాశం వాడనివారి కన్న తక్కువగా, 0.81 రెట్లుగా, తేలింది! ఫోను మెదడును కాపాడుతుందని ఎవరూ అనలేదు గనక పరిశీలనలోనే వంకర వున్నదన్నమాట. అందరికన్న ఎక్కువగా, మొత్తం 1640 గంటలు మించి మాట్లాడిన పదోవంతు మందిలో మటుకు 1.40 రెట్లుగా తేలింది. జబ్బుపడ్డవాడు తాను ఎంతసేపు మాట్లాడిందీ జ్ఞాపకం తెచ్చుకుని చెప్పిన లెక్కలివి. మొదటి అంకెను నమ్మక రెండో అంకెనే నమ్మటం నిజాయితీ కాదు. దీన్నీ, స్వీడనులో హార్డెల్ చేసిన పరిశీలనలనూ చూసి ఆ సంస్థ 2011 మే 31న ఈ తరంగాలను 2బి తరగతిలో, ‘కాన్సరు తేవచ్చునేమో’ అనే జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో అప్పుడు కాఫీ కూడా వున్నది, పచ్చళ్లు కూడా వున్నవి. (కాఫీని 2016లో తీసేశారు. ఇక పచ్చళ్లంటే ఆసియాలో పులియబెట్టే కూరగాయలు. మన ఆవకాయను ఎవరూ ఏమీ అనలేదు.) ‘నేమో’ అన్న రెండక్షరాలు ప్రపంచ పత్రికల పతాకశీర్షికలలో ఎక్కడా మిగల్లేదు.

ఆ తరవాత అమెరికా ప్రభుత్వం మూడు కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి ఎలుకలను రోజుకు తొమ్మిది గంటలచొప్పున రెండేళ్లు తరంగాలలో వుంచింది. మగ ఎలుకల గుండెలో కంతులు కనిపించినట్టు 2018లో ప్రకటించారు. ఆ మగ ఎలుకలే తరంగాలు తగలని ఎలుకలకన్న ఎక్కువకాలం బతికాయి కూడాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 1994 నుంచి 2022 దాకా వచ్చిన 63 పరిశీలనలను తిరగేసి 2024లో ప్రకటించిన సమీక్ష, ఫోనుకూ మెదడు కాన్సరుకూ సంబంధం కనిపించటం లేదన్నది. ముప్ఫయ్యేళ్లలో ఫోన్లు కొద్ది కోట్ల నుంచి వందల కోట్లకు పెరిగితే మెదడు కాన్సరు ఆ లెక్కన పెరగలేదు. నాకు ఈ చివరి సంగతి ఎలుకలన్నిటికన్న గట్టి సాక్ష్యం.

ఇక్కడ ఒక్క సంగతి మరిచిపోరాదు. ఫోను తరంగాలు సోకితే తలనొప్పి వస్తుందనేవాళ్లు అబద్ధాలాడటం లేదు. లండనులో కింగ్స్ కాలేజీవారు 2006లో అటువంటివారిని 60 మందిని, మామూలువారిని 60 మందిని పిలిచి, తరంగాలు వున్నవో లేవో చెప్పకుండా పరీక్షించారు. తరంగాలు లేనప్పుడు కూడా వాళ్లకు తలనొప్పి వచ్చింది. నొప్పి నిజం, కారణం వేరు. పిచ్చుకల కథా ఇటువంటిదే. సెల్ టవర్లే పిచ్చుకల్ని చంపేశాయని మనవాళ్లందరికీ తెలుసు; 2018లో ‘2.0’ సినిమా చూశాక మరీ గట్టిగా తెలిసింది. కంపెనీల సంఘం ఆ సినిమా మీద సెన్సారు బోర్డుకు ఫిర్యాదు చేసి దానికి శాస్త్రగౌరవం కల్పించింది. పిచ్చుకలు పెద్ద నగరాలలో తగ్గినమాట నిజమే. దేశం మొత్తంమీద గత పాతికేళ్లలో వాటి సంఖ్య సుమారుగా నిలకడగానే వున్నదని 2020లో వచ్చిన భారత పక్షుల నివేదిక చెప్పింది. పెంకుటిళ్లూ చూరులూ పోయి అద్దాల మేడలు లేచినచోట పిచ్చుక గూడెక్కడ కడుతుంది?

పుకార్ల సంగతి వేరుగా చూడాలి. 2004లో నైజీరియాలో, 2007లో పాకిస్తానులో, ఫలానా నంబరు నుంచి వచ్చిన ఫోను ఎత్తితే మనిషి చనిపోతాడని వదంతులు పుట్టాయి. 2020 ఏప్రిల్‌లో బ్రిటనులో 5జి వల్ల కోవిడ్ వస్తున్నదని టవర్లు తగలబెట్టారు. బర్మింగ్‌హామ్‌లో కోవిడ్ రోగుల కోసం కట్టిన ఆస్పత్రికి పనికివచ్చే టవరు కూడా తగలబడింది. 2021 మేలో మన దేశంలో, గంగలో శవాలు తేలుతున్న రోజుల్లో, ఆ చావులకు 5జి పరీక్షలే కారణమన్న మాట వుత్తరాది పల్లెల్లో పాకింది. హర్యానాలో టవర్లకు కాపలా పెట్టవలసివచ్చింది. మే 10న టెలికాం శాఖ దేశంలో ఎక్కడా 5జి పరీక్షలు జరగటం లేదని ప్రకటించింది. ఆ ప్రకటన నిజమే. ఆక్సిజన్ కొరత లేదని ప్రకటించిన పెద్దలు కూడా ఆ రోజుల్లోనే వున్నారు. ఏ ప్రకటన నిజమో ఏది కాదో పల్లెటూరి మనిషి ఎలా పోల్చుకోవాలి?

దీనికి కొద్దినెలల ముందే పంజాబులో రైతులు వెయ్యికి పైగా టవర్లకు కరెంటు తీసేశారు, కొన్నిటిని పాడుచేశారు. 2020 డిసెంబరు అది. వ్యవసాయ చట్టాలమీద పోరాటం జరుగుతున్నది. ఆ రైతులెవరూ తరంగాల మాట ఎత్తలేదు. టవరు వారికి ఒక కంపెనీ గుర్తు. ఆ కంపెనీతో తమకున్న తగాదా ఏమిటో వారికి స్పష్టంగా తెలుసు. టవరు పాడుచెయ్యటం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నేను చెప్పదలచినది ఇంతే: సంఘం వున్న రైతు టవరు ముందు నిలబడి దాని యజమాని పేరు చెప్పాడు, సంఘం లేక ఆస్పత్రి లేక చావు మధ్య చిక్కిన రైతు అదే టవరు ముందు నిలబడి కనపడని కిరణాల పేరు చెప్పాడు. ఇద్దరి మధ్యా దూరం రెండు మూడు వందల కిలోమీటర్లు.

ఇంత భయపడిన జనం వేటికి భయపడలేదో కూడా చరిత్రే. ఫోను మాట్లాడుతూ బండి నడిపితే ప్రమాదం నాలుగు రెట్లు పెరుగుతుందని, ఫోను చేత్తో పట్టుకోకపోయినా పెద్ద తేడా వుండదని 1997లోనే కెనడాలో తేల్చారు. 2021లో మనదేశపు రోడ్లమీద ఈ కారణాన వెయ్యిమందికి పైగా చనిపోయినట్టు ప్రభుత్వమే లెక్క చెప్పింది. దీనికోసం ఏ కాలనీలోనూ సంతకాలు సేకరించలేదు. టవరు పైనుంచి వచ్చే తరంగాలు 2బి జాబితాలో చేరిన మరుసటి ఏడు, 2012 జూన్‌లో, అదే సంస్థ డీజిలు పొగను ఒకటో తరగతిలో, అంటే కాన్సరు తెస్తుందని రుజువైన జాబితాలో చేర్చింది. కరెంటు నిలకడలేని మనదేశంలో టవర్ల కింద డీజిలు జనరేటర్లు గుడగుడలాడుతూ వచ్చాయి. మా కాలనీవారు తలెత్తి పైకి చూశారేగాని ముక్కుకు తగిలిన పొగను గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఫోనును తయారుచేసేవారి ఆరోగ్యం మాట ఇంకా తక్కువగా వినిపించింది. చైనాలో సుజౌ పట్నంలో, ఐఫోను అద్దాలు తుడిచే కార్మికులచేత ఆల్కహాలుకు బదులు తొందరగా ఆరుతుందని హెక్సేన్ వాడించారు. 2009లో వారి నరాలు పట్టుతప్పాయి. 137 మందికి ఈ హాని జరిగినట్టు ఆపిల్ కంపెనీయే తరవాత వొప్పుకున్నది. మనకు పొరుగున శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు 2021 డిసెంబరులో హాస్టలు భోజనం విషమై నూటయాభై మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. మిగతావారు చెన్నై–బెంగుళూరు రహదారి మీద బైఠాయించారు. తడ దగ్గర మన శ్రీసిటీలో కూడా 2015లో ఇదే కంపెనీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడ బారులుతీరి కూర్చున్నదీ ఎక్కువమంది ఆడపిల్లలే. తెలుగు పత్రికలు దాన్ని పెట్టుబడుల పేజీలో వేశాయి.

కొన్నవాడి తలలోకి ఎంత తరంగం పోతుందో ఎవరైనా తెలుసుకోవచ్చు. ఫోనులో *#07# నొక్కితే ఆ అంకె కనిపిస్తుంది. 2012 నుంచి మన దేశంలో అది కిలోకు 1.6 వాట్లు మించరాదని నియమం. దక్షిణ కొరియాలో శామ్‌సంగ్ చిప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి లుకేమియాతో ఒక యువతి 2007లో చనిపోయింది. టాక్సీ నడుపుకునే ఆమె తండ్రీ, ఆమెవంటి మరికొందరి కుటుంబాలవారూ పదకొండేళ్లు పోరాడితే 2018 నవంబరులో కంపెనీ క్షమాపణ చెప్పుకున్నది, నష్టపరిహారానికి వొప్పుకున్నది. ఈ మధ్యకాలంలో, తాము ఏ రసాయనాల మధ్య పనిచేశామో చెప్పమని జబ్బుపడ్డ కార్మికులు అడుగుతూనే వున్నారు. అది వ్యాపార రహస్యమని వారికి జవాబు వచ్చింది.